తాటిమోడు కొట్టిన రోజు

విశాఖ నుంచి భీమిలి వెళ్లే తీరంలో సరుగుడు, జీడిమామిడి కలిసి పెరిగిన అడవి ఒకటి ఉంది. అందులో కొంత భాగాన్ని ప్రజల కోసం వృక్షోద్యానంగా మార్చే పని, ఒక వేసవి చివర్లో, నాకు అప్పగించారు. రిటైర్మెంటుకు ముందు నా ఆఖరి పోస్టింగు అదే. హోదా రేంజ్ ఆఫీసరు. ఆ అడవిలో ఏ చెట్టు ఉండాలో ఏది పోవాలో తేల్చే కాగితం మీద చివరి సంతకం నాది.

ఇలాంటి తోటలో కొత్త మొక్క నాటేలోపే పాత చెట్లను పరీక్షించాలి. సందర్శకుల మీద పడే ప్రమాదమున్నవాటిని తీసేయాలి. ఒడ్డు దగ్గరి గుట్ట మీద, ఏదో తుఫానులో మొవ్వు పోయి మిగిలిన తాటిమోడును తనిఖీ బృందం అలా గుర్తించింది. నిబంధన ప్రకారం సరైన నిర్ణయమే. ఒక ఉదయం కొట్టించాం.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మి గాలి లేచింది. మా నర్సరీలో పనిచేసే పోలమ్మ, పక్క పల్లె జాలరి ఇల్లాలు, నారుమళ్ల మీద టార్పాలిన్ కప్పడానికి గుట్టెక్కి అక్కడే కూలబడిపోయింది.

“మోడేటి సేసీసినారు బాబూ? మా మావ ఏటకెళ్లాడు. ఆ మోడు సూసుకునే గదా ఒడ్డుకొత్తాడు!”

ఒడ్డుకు కాస్త అవతల నీళ్లలో రాళ్లున్నాయట. మోడు, దాని వెనక కొండ నెత్తి ఒకే వరసలో కనిపించే చోట మాత్రమే పడవకు దారి. ఒడ్డు పొడుగునా ఉన్న పచ్చటి తాటిచెట్లన్నీ దూరం నుంచి ఒక్కలాగే ఉంటాయి, మోడు ఒక్కటే వేరుగా తెలుస్తుంది.

పోలమ్మ చేత భర్తకు ఫోన్ చేయిస్తే కలవలేదు. మెరైన్ పోలీసులకు చెప్పాను గానీ, వాళ్లొచ్చేదాకా సముద్రం ఆగుతుందా? వాన తెరల మధ్య పడవ కనిపిస్తోంది, మాయమవుతోంది. కనిపించిన ప్రతిసారీ రాళ్లకు ఇంకాస్త దగ్గరగా ఉంది. పోలమ్మ ఏడవడం మానేసింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

బాట చదును చేస్తున్న జేసీబీ డ్రైవరు, సబ్బవరం మనిషి, పరిగెత్తుకొచ్చాడు.

“సార్, బండి మొద్దు కాడెట్టి, మోడులాగ దాని సెయ్యెత్తీమంటారా?”

తడిసిన గుట్ట. బండి జారితే అతని ప్రాణానికీ నాదే పూచీ. అయినా ఎత్తమన్నాను. జేసీబీ చెయ్యి చివరి తొట్టికి ఎర్ర టార్పాలిన్ కట్టాం. ఎక్కుతుంటే ఒక చక్రం పక్కకు జారింది, నా పైప్రాణాలు పైనే పోయాయి. చివరికి బండి నిలబడి చెయ్యెత్తింది.

పడవ కాసేపు అక్కడే ఊగింది. తర్వాత మెల్లగా ముక్కు తిప్పింది.

ఒడ్డుకు చేరిన పోలమ్మ భర్త ఇసకలో కూర్చుని చాలాసేపు లేవలేదు. లేచాక, “ఇంకోపాలి ఏదైనా కొట్టినప్పుడు మాకో మాట సెప్పండి బాబూ” అన్నాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఇప్పుడా మొద్దు పక్కన ఎర్రరంగు ఇనుప స్తంభం నిలబడి ఉంది. తోట అందం చెడిందని సందర్శకులు సణుగుతుంటారట, సణగనివ్వండి. తీరంలో చెట్టు కొట్టాలంటే ముందు దాన్ని సముద్రం మీంచి చూడాలి. నా తర్వాతి అధికారికి బాధ్యతలు అప్పగించిన రోజు, సంతకాల కంటే ముందు అతన్ని పోలమ్మ భర్త పడవెక్కించాను.