అనుమానం మీద రెండో పూత

నిప్పు కనిపెట్టిన మహానుభావుడెవరో చరిత్రకు తెలియదు. రంగు డబ్బా మీద రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా నమ్మకూడదని కనిపెట్టినవాడు మాత్రం మా బాబాయి. ఈ సంగతి చరిత్రకింకా అందలేదు గాని, రంగుల కొట్టువాడికి అందింది. బాబాయి మలుపు తిరగ్గానే అతను ముందుగా మంచినీళ్లు తాగేవాడు.

"ఇది బయటి చెక్క కోసమనే చేసిందండీ. ఎండకి పగలదు, వానకి ఊడదు. అయిదేళ్ల గ్యారంటీ."

"అయిదేళ్లకి నువ్వుంటావా?"

"ఉంటానండి."

"కొట్టు?"

"ఉంటుందండి."

"అంత గట్టిగా చెప్తున్నావంటేనే ఏదో ఉంది," అని అన్నిటికంటే చిన్న డబ్బా కొనేవాడు. నమ్మనప్పుడు కొనడమెందుకని అడిగితే, "కొనకపోతే విచారణ ఎలా జరుగుతుంది?" అనేవాడు.

విచారణ పెరట్లో జరిగేది. ప్రతి రంగునూ ఒక చెక్క ముక్కకు పూసి, గోడకు ఆనించి, ఎండకూ వానకూ అప్పగించేవాడు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ గోటితో గీకి చూసేవాడు. తళతళలాడే రంగైతే, "మెరుస్తోందంటే ఏదో దాస్తోందన్నమాట." వార్నిష్ పెళుసెక్కి పొలుసులు లేచిన రోజున, దొంగ దొరికిన పోలీసులా మారు వడ్డించుకుని తినేవాడు.

ఇదంతా మా వీధి తలుపు కోసం. ఆ తలుపుకు మాత్రం రంగు లేదు. వానాకాలం ఉబ్బితే పిన్ని భుజంతో నెట్టి మూసేది.

"తీర్పు ఎప్పుడండీ?"

"సాక్ష్యం చాలలేదు."

ఇలా ఉండగా పక్కవాటాలో బట్టలు కుట్టే అక్కయ్యగారికి చిక్కు వచ్చిపడింది. ఆవిడ గదికి ఒకటే కిటికీ. మిషను నడిచేది ఆ వెలుతురులోనే. చెక్క రెక్కలు అడుగున పుచ్చి, వాన లోపలికి కొడుతోంది. వానలు మొదలయ్యేలోగా బాగుచేయించుకోకపోతే రెక్కలు మూసి మేకులు కొట్టేస్తానని అద్దెకిచ్చిన ఇంటాయన చెప్పి వెళ్లాడు. ఆవిడ ఊరికే ఇస్తే సూది కూడా పుచ్చుకోని మనిషి. సాయం చేస్తామని వెళ్లిన పిన్నిని మర్యాదగా గుమ్మం దాకా సాగనంపింది.

మర్నాడు బాబాయి డబ్బా, కుంచె, గరుకు కాగితం పట్టుకుని ఆ కిటికీ ముందు నిలబడ్డాడు.

"అక్కయ్యా, ఈ రంగు శుద్ధ మోసం. నా తలుపుకి వేసి పాడుచేసుకోలేను. మీ కిటికీ ఎలాగూ పోయేదే కదా, దీనికి వేసి చూస్తాను."

"నా కిటికీ పోయినా ఫరవాలేదనా?"

"నా తలుపు కంటే ఫరవాలేదు."

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "ఊరికే వేస్తే ఒప్పుకోను."

"ఊరికే ఎవరన్నారు? రోజూ గీకి చూసి, ఎక్కడ ఊడుతోందో నాకు చెప్పాలి."

ఒక మోసం కోసం బాబాయి అంత ఒళ్లు వంచడం నేనెన్నడూ చూడలేదు. పుచ్చిన మేర కోసేసి కొత్త చెక్క అతికించాడు. నున్నగా రుద్దాడు. ప్రైమర్ పూశాడు. నీళ్లు పీల్చేది అక్కడేనని, ఎవరికీ కనపడని అడుగు అంచులకు కూడా కుంచె దూర్చాడు. ఆరనిచ్చి మొదటి పూత, అదీ ఆరాక మళ్లీ కుంచె ముంచాడు. పని సాగినంతసేపూ రంగును తిట్టాడు.

"మోసానికి రెండో పూత కూడా ఎందుకు బాబాయ్?"

"ఒకటే వేస్తే, రెండోది వెయ్యలేదని కంపెనీవాడు తప్పించుకుంటాడు."

అప్పుడు నాకు అనుమానం పుట్టింది. రక్తసంబంధం కదా. పైగా అది చిన్న డబ్బా కాదు. బాబాయి జన్మలో కొన్న ఒకే ఒక్క పెద్ద డబ్బా. పెరట్లోకి వెళ్లి ముక్కలన్నీ తిరగేశాను. అదే రంగు పూసిన ముక్క ఒకటి, రెండేళ్ల వానల్లో నాని, ఎండల్లో మాడి, బాబాయి గోళ్లన్నీ భరించి, ఒక్క పొక్కయినా లేకుండా నిలబడి ఉంది. ఆ పెరట్లో నిర్దోషిగా తేలింది అదొక్కటే.

వానలు పడ్డాయి. ఇంటాయన వచ్చి, కిటికీని చుట్టూ తడిమి చూసి, మేకులు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. రోజూ పొద్దున మిషను చప్పుడు మధ్య నివేదిక వినిపించేది.

"తమ్ముడూ, నీ మోసం ఇవాళ కూడా బయటపడలేదు."

"తొందరపడకండి అక్కయ్యా. ముదురు రకం అది."

ఆవిడ నవ్వకుండా దారం పంటితో తెంపుకునేది.

పెద్ద డబ్బా కిటికీకే అయిపోయింది. మా వీధి తలుపు ఆ ఏడు కూడా ఉబ్బింది. పిన్ని భుజంతో నెట్టి మూసింది.