టీవీలో పోయిన ఎరుపు

మా ఆయన క్రోటన్ కుండీ చంకన పెట్టుకుని రాజమండ్రిలో టీవీల షోరూంలోకి నడిచిన రోజున నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముఖానికి మాస్కు, చంకలో మొక్క. కుండీ అడుగునుంచి నీళ్ళు కారి అద్దంలాంటి నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"మొక్క బయట పెట్టి రండి సార్."

"మొక్కకి చూపించకుండా టీవీ ఎలా కొంటానయ్యా?" అన్నారాయన.

ఎటకారం మా వైపు ఉగ్గుతోనే పడతారు, ఏం చేస్తాం. నేనే వాచ్‌మన్‌కి సర్దిచెప్పి లోపలికి నడిపించాను.

కడియంలో మాకు నర్సరీ ఉంది. ఆయనా, మా మరిదీ కలిసి చేస్తారు. లారీలూ లోడులూ బేరాలూ మరిదివి, మొక్క ఆయనది. కాగితంపూల అంటు చిగురు వేస్తున్నప్పుడే అది ఏ రంగు పూస్తుందో చెప్పేవారు. వందల మొక్కల మధ్య నిలబడి "అదిగో, ఆ వరసలో కొన్ని పాలిపోతున్నాయి చూడు" అనేవారు. నాకేమో అన్నీ ఒకటే పచ్చ. పెళ్ళైన కొత్తలో "ఏవండీ? ఎక్కడండీ?" అని అడిగేదాన్ని. తర్వాత అడగడం మానేశాను. చీర కొన్నా, గోడలకి రంగు వేయించినా మాట ఆయనదే. ఊళ్ళో నా నోటికి జడవనివాళ్ళు లేరు గానీ, రంగు దగ్గర మాత్రం నేను ఆయనకి ఎదురు చెప్పింది లేదు.

శీతాకాలంలో మొదలైన దగ్గు ఆయన్ని ఎంతకీ వదల్లేదు. మనిషి సగమయ్యారు. కాకినాడ తీసుకెళ్తే ఛాతీ డాక్టరుగారు పరీక్షలు చేయించి, టీబీ అన్నారు. "మందులు మానకుండా వాడితే తగ్గిపోతుందమ్మా" అని ఎంత ధైర్యం చెప్పినా నా గుండెల్లో రాయి పడింది. నిజం చెప్పాలంటే జబ్బుకన్నా నలుగురి నోటికే ఎక్కువ భయపడ్డాను. నర్సరీలో పనికొచ్చే ఆడవాళ్ళు మా ఇంటి నీళ్ళు తాగుతారు, మా అరుగు మీద కూర్చుని అన్నం తింటారు. తెలిస్తే రేపటినుంచి ఎవరు కూర్చుంటారు? అందుకని "నిమ్ము చేసింది, విశ్రాంతి తీసుకోమన్నారు" అని అందరికీ చెప్పి, ఆయన్ని మేడ మీద గదిలో ఉంచాం. నిజం మా ముగ్గురికే తెలుసు.

మందులు రాస్తూ డాక్టరుగారు జాగ్రత్తలన్నీ చెప్పారు. వాంతులవుతుంటే రండి. కళ్ళు పచ్చబడితే రండి. మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడకండి, అది మందు రంగే. చూపు మసకేసినా, రంగులు తేడాగా కనిపించినా మాత్రం వెంటనే రండి. అన్నిటికీ ఇద్దరం బుద్ధిగా తలలూపాం. తీరా నారింజరంగు చూసేసరికి చెప్పిందంతా మరిచిపోయి, నేను లబోదిబోమంటూ ఆయన్ని కారెక్కించి కాకినాడ తీసుకెళ్ళాను. డాక్టరుగారు నవ్వారు. "చెప్పాను కదమ్మా!" ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. అయినదానికీ కానిదానికీ పరిగెత్తి ఇంకోసారి పరువు తీసుకోకూడదనుకున్నాను.

ఆయన్ని మేడ మీద కూర్చోబెట్టడం మాటలు కాదు. పొద్దున్నే లేచి పిట్టగోడ దగ్గర నిలబడి కిందకి కేకలు వేసేవారు. కేకలు వేస్తే దగ్గు, దగ్గితే ఆయాసం. చూడలేక మా మరిదే అన్నాడు: "వదినా, మంచి టీవీ ఒకటి, హోం థియేటరూ పెట్టించేద్దాం. నర్సరీ వీడియోలు తీసి పంపిస్తాను. అన్నయ్య మేడ మీదనుంచే అన్నీ చూసుకుంటాడు." ఆ మాట ఆయనకి నచ్చింది. ఇంక పక్కవాళ్ళకి అంటదు, బయటికి వెళ్ళొచ్చని డాక్టరుగారు చెప్పగానే, టీవీ తానే స్వయంగా ఎంచుకుంటానని క్రోటన్ కుండీతో బయల్దేరారు.

షోరూంలో గోడ పొడుగునా టీవీలు. అన్నిట్లోనూ ఒకే చిలక, ఒకే పూలతోట. షోరూం ఆయన ఫోర్‌కే అని, ఇంకేదో అని చెప్పుకుపోతున్నాడు.

"అవన్నీ మీరు చూసుకోండి. నాకు ఆకు ఆకులా కనబడితే చాలు" అన్నారీయన.

మొక్కని ఫోనులో ఫొటో తీయించారు. ఆ ఫొటోని ఒక్కో టీవీలో పెట్టించి, పక్కన అసలు మొక్కని పట్టుకుని నిలబడ్డారు. "ఈ పచ్చ మొక్కది కాదండి, పెయింటు డబ్బాది." "దీంట్లో ఎరుపు మరీ మిడిసిపడుతోంది." జనం చుట్టూ చేరారు. షోరూం ఆయన ముందు విసుక్కున్నా, తర్వాత తనూ సరదాపడి వెలుగు తగ్గిస్తూ పెంచుతూ చూపించాడు. చివరికి ఒక టీవీ దగ్గర ఆయనకి వంక దొరకలేదు. ఆకు ఈనెల్లోని ఎరుపు, అంచున పసుపు, తెర మీదా అంతే, చేతిలోనూ అంతే. "ఇదే" అన్నారు. ఆ క్షణంలో ఆయన ముఖం చూసి, జబ్బు మాట మరిచిపోయి మురిసిపోయాను.

ఇంటికొచ్చి గదంతా తలకిందులు చేశారు. కిటికీలకి మందపాటి పరదాలు, ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలన వూఫర్ పెట్టె. మధ్యలో ఆయన పడక్కుర్చీ, పక్కన నాకో కుర్చీ. మొదటిరోజు వెనక స్పీకర్లోంచి పిట్ట కూస్తే, గదిలోకి నిజంగా వచ్చిందనుకుని ఆయన తల తిప్పి వెతికారు. ఎంత నవ్వుకున్నామో! వూఫర్ మోగితే కింద వంటింట్లో గ్లాసులు గలగలమనేవి. "ఏమండీ, మేడ కూలగొడతారా ఏంటి?" అని కిందనుంచి అరిచేదాన్ని. మరిది పంపిన వీడియోలు పెద్ద తెర మీద చూస్తూ, ఏ మడికి నీళ్ళు పెట్టాలో, ఏ మొక్కలు లోడుకి తీయాలో ఫోనులో చెప్పేవారు. ఆకలి పెరిగింది. కాస్త ఒళ్ళు చేశారు. గండం గడిచిందనే అనుకున్నాను.

ఎండలు ముదురుతున్నప్పుడు ఒకరోజు, "ఏవే, ఈ టీవీ రంగు దిగిపోతోంది" అన్నారు.

తెర మీద నూరువరహాల మడి ఉంది. నాకు ఎర్రగా, నిప్పులు పోసినట్టే కనిపించింది.

"ఎరుపు చచ్చిపోయింది చూడు. మట్టి కొట్టుకుపోయినట్టుంది" అన్నారు.

చీరచెంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆయన అన్నాక, నిజంగానే ఎక్కడో తేడా ఉన్నట్టు తోచింది. "అవునండోయ్" అన్నాను. సాయంత్రం మరిది వచ్చి చూసి, తల గోక్కుని, "అవునన్నయ్యా, కొంచెం దిగింది" అన్నాడు. మొక్క విషయంలో ఆయన కన్ను తప్పుతుందన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. టీవీదే తప్పు. ఇంకేముంటుంది?

కంపెనీ మెకానిక్ వచ్చాడు. ఏవేవో నొక్కి, అంతా బాగానే ఉందన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. నేను ఒంటికాలి మీద లేచి, మరిదిని వెంటేసుకుని షోరూంకి వెళ్ళాను.

"మా ఆయన చిగురు చూసి పువ్వు రంగు చెప్పే మనిషండి. ఆయన కంటికంటే మీ మెకానిక్ ఎక్కువా?" అని నలుగురూ వినేలా కడిగేశాను.

షోరూం ఆయన చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "ఆయ్, సారుగారి మాట కాదనను గానండి, మీకెలా కనిపిస్తోందండి మేడమ్? మీ కళ్ళకి?"

నాకు ఎర్రగానే కనిపిస్తోంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "నాకు కనిపించేదేంటండి? ఆయన చెప్పారు కదా!" అని మీదపడ్డాను. నా గోల భరించలేక టీవీ మార్చి ఇచ్చారు. గెలిచొచ్చానని ఇంటికొచ్చి గొప్పలు కూడా పోయాను.

కొత్త టీవీని ఆయన కొన్నాళ్ళు చూశారు. "ఇదీ అంతే. టీవీలన్నీ ఇలాగే తగలడ్డాయి" అన్నారు. తర్వాత కళ్ళు మూసుకుని ఉత్త పాటలు వినడం మొదలుపెట్టారు. "సౌండు బావుంది, అది చాల్లే" అనేవారు. పొద్దువాటారాక కిందకి దిగి మొక్కల మధ్య తిరిగేవారు. ప్రతి మొక్కనీ నిమిరి, ఇది ఫలానా, అది ఫలానా అని చెప్పేవారు. ఒక్కటీ తప్పేది కాదు. అందుకే నాకు అనుమానం రాలేదు.

కొత్తావకాయ జాడీలోంచి తీసిన రోజున అది బయటపడింది. మేడ మీదకి కంచం పట్టుకెళ్ళాను. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, పక్కన ఆవకాయ. ఆయన ముక్కని వేలితో తిప్పి చూశారు.

"పాతావకాయ పెట్టావేంటే? మట్టిరంగు తిరిగిపోయింది."

నాకు ఒళ్ళు మండింది. "పాతదేంటండీ? ఎండలో ఆరబెట్టి, దగ్గరుండి కొట్టించిన కారం! ఊరంతా నా ఆవకాయ రంగు చూసి కళ్ళప్పగిస్తారు. మీకు మట్టిలా ఉందా?" అంటూ కంచం లాక్కుని కిటికీ దగ్గరికెళ్ళి పరదా లాగేశాను. ఎండ పడింది. ఎర్రటి ఆవకాయ, దాని చుట్టూ ఎర్రటి నూనె. "చూడండి! ఇప్పుడు చూడండి!"

ఆయన కళ్ళు చిట్లించి చూశారు. "ఏమోనే" అన్నారు మెల్లిగా. "నాకు అలాగే ఉంది."

టీవీ తప్పు కావచ్చు. రెండో టీవీ కూడా తప్పు కావచ్చు. నా చేత్తో కలిపిన ఆవకాయ రంగు నాకు తెలుసు. ఆ రంగు విషయంలో ఆయన్ని కూడా నమ్మను. అప్పుడు డాక్టరుగారు చెప్పిన మాట గుర్తొచ్చింది. కంచం కిటికీలో పెట్టేసి, కారు తీయమని మరిదికి ఫోను చేశాను.

కాకినాడలో డాక్టరుగారు ఈసారి నవ్వలేదు. వెంటనే కళ్ళ డాక్టరు దగ్గరికి పంపించారు. అక్కడ చుక్కల బొమ్మల పుస్తకం ఆయన ముందు పెట్టారు. రంగు చుక్కల మధ్య అంకెలు ఉన్నాయి. వెనకనుంచి చూస్తున్న నాకు ప్రతి పేజీలోనూ అంకె కనిపిస్తోంది. ఆయన పేజీలు తిప్పుతూ పోయారు. "ఇందులో ఏముందండి? ఉత్త చుక్కలే కదా" అన్నారు. ఏడుపు ఆపుకోలేక బయటికొచ్చేశాను.

"రంగులు తేడాగా కనిపిస్తే రమ్మన్నాను కదమ్మా, ఇన్నాళ్ళు ఏం చేశారు?" అన్నారు ఛాతీ డాక్టరుగారు.

"టీవీలో కనిపించాయండి" అన్నాను.

మందుల్లో ఒకటి కంటి నరం మీద పనిచేసిందట. దాన్ని ఆపేశారు. మిగతావి మార్చి రాశారు. చూపు తిరిగి రావచ్చు, నెలలు పట్టొచ్చు, కొంతమందికి పూర్తిగా రాకపోవచ్చు, ముందే వచ్చుంటే బాగుండేదన్నారు. ఆ చివరి మాట కారులో దారంతా నా చెవిలో జోరీగలా తిరిగింది. ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తూ, "అయితే మద్దెల ఓడు కాదన్నమాట" అన్నారు. నవ్వించాలనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు షోరూంకి ఫోను చేశాను. "మా ఆయనకి టీబీ అండి. మందుకి కళ్ళు దెబ్బతిన్నాయి. మీ టీవీలో తప్పు లేదు" అన్నాను. బయటివాళ్ళతో ఆ జబ్బు పేరు నా నోటితో చెప్పడం అదే మొదలు. "ఆయ్, దానిదేముందండి. సారుగారిని జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు షోరూం ఆయన.

వానలొచ్చాయి. ఇంట్లో నేనే పరీక్షలు మొదలుపెట్టాను. మొదట పువ్వులు తెచ్చి అడిగేదాన్ని. మందారం ఇస్తే ఎరుపు, గన్నేరు ఇస్తే పసుపు, అన్నీ ఠకీమని చెప్పేవారు. దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఒకరోజు ఆయన బొటనవేలు రేకు అంచు మీద మెల్లగా కదలడం చూశాను. ఆయన రంగు చూడటం లేదు. పువ్వుని పట్టుకుని మొక్కని పోల్చుకుంటున్నారు. ఏ మొక్క ఏ రంగో ఆయనకి కంఠతా వచ్చు.

అందుకే మళ్ళీ టీవీ పెట్టాం. దాన్ని తడిమి చూడటం కుదరదు కదా. మరిది ఒట్టి రంగులు తెరనిండా వచ్చేలా పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. పసుపు తప్పేవారు కాదు, నీలం తప్పేవారు కాదు. కొన్నాళ్ళకి ఎరుపూ పచ్చా కూడా సరిగ్గా చెప్పసాగారు. నా సంతోషం చెప్పనలవి కాదు. తీరా గమనిస్తే, ప్రతిసారీ చెప్పేముందు పక్కకి తిరిగి నా ముఖం చూస్తున్నారు. నా ముఖంలో ఏదీ దాగదు, అది ఆయనకీ తెలుసు. అప్పటినుంచి నా కుర్చీ ఆయన వెనక్కి జరుపుకున్నాను.

నిన్న సాయంత్రం తెర నిండా ముదురు ఆకుపచ్చ వచ్చింది. ఆయన చాలాసేపు చూశారు. అలవాటుగా పక్కకి తల తిప్పబోయి, నేను అక్కడ లేనని గుర్తొచ్చి ఆగిపోయారు.

"ఎరుపు" అన్నారు.

"ఎరుపేనా?" అని మళ్ళీ అడిగారు.

అవునండీ అనడం నాకు చేతనైన పని. ఇన్నేళ్ళూ రంగు దగ్గర అన్నది ఆ ఒక్క మాటే. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"కాదండీ. ఆకుపచ్చ."

ఆయన భుజాలు కొంచెం కిందకి జారాయి. కాసేపటికి రిమోట్‌ని తల మీదుగా వెనక్కి, నా వైపు చాచారు.

"ఇంకోటి పెట్టు" అన్నారు.