సాంచాలు ఆగిన వేళ

తొంభైల్లో పెళ్లయి సిరిసిల్ల నుంచి భివండి వచ్చిన కొత్తలో, నిజాంపురాలో అందరూ అరుస్తుంటే పోట్లాటలనుకునేదాన్ని. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో మామూలు మాటలే అట్లా ఉంటాయని తర్వాత తెలిసింది.

మా భజన మండలిలో గీతాపారాయణం నాది. ఏకాదశినాడు నేను మాంసం తిన్నానని పక్కింటి లక్ష్మక్క చెప్పగానే, మండలి పెద్ద రాజయ్య తాత నన్ను తప్పించి ఆమెను కూర్చోబెట్టాడు. వారం రోజులు కుమిలిపోయాను.

అప్పట్లో రోజూ పదింటికి కరెంటు కోత. ఒకనాడు సరిగ్గా దానికి నిమిషం ముందు, తాత ఎదురు అరుగు మీద చాయ్ తాగుతుండగా, కార్ఖానా గోడ పక్కన లక్ష్మక్కను ఆపాను.

“అక్కా, నేను తింటుంటే నువ్వు చూసినవా?”

“నేనేడ చూసిన!” అని నవ్వుతూ అరిచింది. అంతలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆమె నోరు ఆగలేదు. “ఉత్తగనే చెప్పిన. నమ్మిండు గా పిచ్చి ముసలోడు!”

గల్లీ అంతా విన్నది. తాత గ్లాసు కింద పెట్టాడు.

“మల్లొకసారి అను బిడ్డా, ఈ పిచ్చోనికి సమజ్ కాలే.”

పారాయణం నాకు తిరిగొచ్చింది. క్షమ గురించిన శ్లోకం వచ్చినప్పుడల్లా, చివరి వరుసలో కూర్చున్న ఆమెనే చూస్తూ గొంతెత్తి చదువుతాను. ఆమెను క్షమించే బుద్ధి ఇమ్మని స్వామిని అడగాలని తెలుసు. ఇంకా అడగలేదు.