లైన్ దొరకలేదన్నది నిజం కాదు

నిన్న పొద్దున సుగుణ ఇడ్లీ పెట్టింది. తన మాత్ర వేసుకున్నానంది. నేను మిల్లుకు వెళ్ళాను.

మధ్యాహ్నం ఆమెకు ఆయాసం వచ్చింది. ఎదురింటి గోపాల్సామి అన్న, ఆయన భార్య కారులో ఉడుమలైపేట ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడినుంచి ఆయన మిల్లు ఆఫీసుకు ఫోన్ చేశారు.

నేను చేరేసరికి నా భార్య ప్రాణాలతో లేదు.

ఇంకా నమ్మకం కుదరడం లేదు.

"సెల్లుకు లైన్ దొరకలేదు, ఏం చేసేది?" అని ఆయన మన చుట్టాలందరికీ చెబుతున్నారు. నన్ను కాపాడడానికి చెబుతున్న మాట అది.

లైన్ బాగానే ఉంది. ఆయన నంబర్‌ను నేను బ్లాక్ చేశాను.

కారణం రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆయన కొత్త స్టీల్ గేటు మీద పడిన ఎండ మా సీసీటీవీ కెమెరాలోకి కొట్టేది. సాయంత్రమైతే స్క్రీన్ అంతా తెలుపే. కావాలనే అలాంటి గేటు పెట్టాడని వీధి గ్రూపులో రాశాను. మీలో చాలామంది చదివారు. ఆ కోపంలోనే ఆయన నంబర్‌నూ బ్లాక్ చేశాను.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం చూస్తే వాకిలి, వీధి అన్నీ తేటగా కనిపించాయి.

"చూస్తివా, గ్రూపులో రాస్తే దారికొచ్చినాడు" అన్నాను.

సుగుణ నవ్వింది. "ఆమాం, నిజమే, సూర్యుడు కూడా మీకు బయపడి తగ్గిపోయె! బూజు కర్రతో మీ కెమెరా మూతిని నేనే కిందికి నూకితిని. అంత పోదుం, చాలు. ఇంక అన్నతో మాట్లాడండి."

నేనూ నవ్వాను. ఆయన నంబర్‌ను మాత్రం బ్లాక్‌లోనే ఉంచాను. ముందు నేను మాట్లాడితే తక్కువైపోతాననుకున్నాను.

నిన్న కారులో ఆమె "ఆయన ఫోన్ ఎత్తినారా అన్నా?" అని అడుగుతూనే ఉందట.

"వస్తా ఉండారమ్మా" అన్నారట ఆయన.

ఆయన భార్య చెబితే ఈ సంగతి తెలిసింది.

ఇవాళ శ్మశానంలో ఆయన మా వాళ్ళందరి వెనక, దూరంగా నిలబడ్డారు. నేను చూశాను. పిలవడానికి నోరు రాలేదు.

సుగుణా, వెళ్ళిరా. ఆయాసం లేని నిద్ర నీకు దక్కాలి.

రేపు పొద్దున అస్థికలు ఏరడానికి పోవాలి. దానికంటే ముందు వీధి దాటి వెళ్ళి, "అన్నా, మీరూ రావాలి" అని పిలుస్తాను.