ఆలస్యానికి కారణం

మొన్న ఆదివారం, బ్యాంకులో పనిచేస్తూ మా కథల క్లాసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, సగం క్లాసు అయ్యాక వచ్చింది. గుమ్మంలో నిలబడి "సారీ మేడమ్, ట్రాఫిక్" అని చెప్పి వెళ్లి కూర్చుంది. పాతవాళ్లంతా ఆమె వైపు జాలిగా చూశారు. నాకైతే భోజనానికి పిలిచి మంచినీళ్లిచ్చి పంపేసినట్టనిపించింది. మా క్లాసులో ఆలస్యంగా రావడం తప్పు కాదు, కారణం ఒక్క ముక్కలో తేల్చేయడమే తప్పు. ఈ ఆచారం ఎలా పుట్టిందో ఆ అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజు పాఠం ఇక జరగలేదు.

తొంభైల చివర్లో నేను బెజవాడలో ఒక పెద్ద ఇంటర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. చెప్పేదాన్ని అనుకోవడం నా గొప్ప కోసమే. ఎంసెట్‌లో తెలుగు లేదు కాబట్టి నా పీరియడ్‌లోకి లెక్కల మాస్టారు వచ్చేసేవారు, నేను స్టాఫ్‌రూములో ఫ్యాను కింద కూర్చునేదాన్ని. అలా కూర్చుని కూర్చుని, కథలు రాయడం నేర్పే క్లాసు ఒకటి సొంతంగా పెట్టాలన్న పిచ్చి పట్టి, ఒకరోజు ఉద్యోగం మానేశాను. మా ఆయన "అమ్మ ఏమంటే అదే" అన్నారు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన అభిప్రాయం అదే. అత్తగారు గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, గడువు పెట్టకుండా ఏ మందూ వాడనివ్వరు. "ఈస్టరు దాకా చూద్దాం. అప్పటికి నీ క్లాసు నిలబడకపోతే జూన్‌లో మళ్లీ కాలేజీకి వెళ్లిపోవాలి. ప్రిన్సిపాల్‌ గారితో నేను మాట్లాడి పెట్టాను" అన్నారు. ఆవిడ మాటంటే మాటే. నాకు ఆ స్టాఫ్‌రూము ఫ్యాను కలలోకి కూడా వచ్చేది.

ఆటోనగర్‌లో లారీ స్పేర్‌ పార్ట్స్ అమ్మే సాయిబు గారు మా నాన్నకి స్నేహితుడు. షాపు మీది గది ఆదివారం మధ్యాహ్నాలకి ఇచ్చారు. మెట్లెక్కేసరికి చీర అంచుకి గ్రీజు అంటుకునేది. కింద ఏదో ఒక షెడ్డులో రేకు మీద సుత్తి దెబ్బలు పడుతూనే ఉండేవి. చేరడానికి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం అచ్చం బెజవాడవే. మెటీరియల్ ఇస్తారా, వారం వారం టెస్టులుంటాయా అని అడిగేవారు. ఒక పెద్దాయన "పోయినేడు ఎంతమందికి వచ్చిందండీ?" అన్నాడు. ఏం రావాలండీ అన్నాను. "అదేనండీ, కథ" అన్నాడు.

ఎలాగో పది పన్నెండు మంది పోగయ్యారు. మొదటి వారం వాళ్లకి నేను రాసుకున్న పేజీ ఒకటి చదివి వినిపించాను. మా అమ్మమ్మ రేడియోలో వార్తలు చదివేవాడితో వాదనకు దిగడం గురించి. మీ ఇంట్లో మనిషి గురించి మీరూ ఇలాగే రాసుకురండి అని చెప్పాను. ఆ 'ఇలాగే' అన్న మాట నా కొంప ముంచింది. మరుసటి వారం అందరూ మా అమ్మమ్మనే పట్టుకొచ్చారు. అందరిళ్లలోనూ అదే రేడియో, అదే వాదన. ఒకాయన రేడియో తీసేసి టీవీ పెట్టాడు. అందరిలోకీ సాహసి ఆయనే. ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చే డిగ్రీ చదివే అమ్మాయైతే ఒక్క కామా కూడా జారవిడవలేదు. అక్కడక్కడా నాకన్నా బాగా చదివింది కూడా. ఎందుకమ్మా అంటే, "మీది బాగుందండి. బాగున్నది ఉండగా ఇంకోటి ఎందుకండి రాయడం?" అంది. చిన్నప్పటి నుంచీ మోడల్ ఆన్సర్లు బట్టీ పట్టిన పిల్ల. 

ఇంటికొచ్చి ఏడుపు మొహంతో చెబితే, గోరుచిక్కుళ్లు తుంచుతున్న అత్తగారు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. మా చర్చిలో సాక్ష్యం చెప్పడమని ఒకటుంది. దేవుడు తనకి చేసిన మేలేమిటో మనిషి సభ ముందు నిలబడి చెప్పాలి. "పక్కావిడ సాక్ష్యం ఎంత బాగున్నా, ఇంకో ఆవిడ లేచి అదే చెప్పడం ఎప్పుడైనా చూశావా అమ్మాయ్? లేచి నిలబడితే ఎవరిది వాళ్లకే వస్తుంది. నీవాళ్లనీ నిలబెట్టు" అన్నారు. గడువు పెట్టిన మనిషే మందు కూడా చెప్పడం నాకు ముచ్చటేసింది.

పై ఆదివారం ఉయ్యూరు అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. "బస్సు లేటండి" అంది. కూర్చోనివ్వలేదు. ఎందుకు లేటయిందో అక్కడే నిలబడి చెప్పమన్నాను. కాసేపు చున్నీ కొస మెలిపెట్టి, మెల్లిగా మొదలుపెట్టింది. కండక్టరు వాళ్లమ్మ మలుపు దగ్గర క్యారేజీతో నిలబడిందట. క్యారేజీ ఇచ్చి ఊరుకోకుండా బీపీ బిళ్ల వేసుకున్నావా అని అడిగిందట. కండక్టరు నీళ్లు నములుతుంటే, బస్సులో ముసలాళ్లంతా తమ తమ బిళ్లల పేర్లు చెప్పడం మొదలెట్టారట. ఆ అమ్మాయి ఒక్కొక్కరి గొంతూ పెట్టి చెబుతుంటే గదంతా నవ్వులు. ఇప్పుడు చెప్పిందంతా రాసెయ్ అన్నాను. తలెత్తకుండా రాసింది. అందులో మా అమ్మమ్మ ఎక్కడా లేదు. అంత సంతోషం నాకు ఆ కాలేజీలో ఒక్కనాడూ దొరకలేదు.

ఆ తర్వాత మరో తంటా. కారణం చెప్పే సరదాలో అందరూ కావాలనే ఆలస్యంగా రావడం మొదలెట్టారు. ఒక ఆదివారం నేనొక్కదాన్నే ఖాళీ బెంచీల ముందు కూర్చుని ఉంటే, సాయిబు గారు టీ గ్లాసుతో పైకి వచ్చి "ఏం మేడమ్ గారూ, క్లాసు ఎత్తేశారా?" అన్నారు. చివరికి వారానికొకరు చొప్పున ఆలస్యానికి వంతులు వేయాల్సి వచ్చింది.

ఇంతలో ఈస్టరు రానే వచ్చింది. ఆరాధన అయ్యాక అత్తగారు తెల్లచీరతో తిన్నగా ఆటోనగర్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. తీర్పు చెప్పడానికి వచ్చిన మనిషిని చూసి చీర అంచుకున్న గ్రీజు మరక దాచుకున్నాను. అది చాలదన్నట్టు, బాగా ఆలస్యంగా, ఉయ్యూరు అమ్మాయి వాళ్ల నాన్న గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు లోడ్లు తూచే కాటా దగ్గర గుమాస్తా. "దీంతో ఏం ఉద్యోగం వస్తదండి? పిల్లని మాన్పించేద్దామని వచ్చానండి" అన్నాడు. ఆ అమ్మాయి మొహం మాడిపోయింది.  కానీ అలవాటు పడిన ప్రాణాలు ఊరుకుంటాయా? క్లాసంతా ఒక్క గొంతుతో "ఎందుకు లేటయిందండీ?" అంది.

ఆయన తెల్లబోయాడు. అయినా పెద్దమనిషి కదా, అడిగితే చెప్పాలనుకున్నాడు. సీజను ఆఖరి లోడు తెస్తున్న ట్రాక్టరు దారిలో ఒరిగిపోయిందట. బస్సు ఆగింది. జనమంతా దిగి తలో చెరుకుగడా లాగి నమలడం మొదలెట్టారట. "తినేదేమో మా ఫ్యాక్టరీ చెరుకండి. ఊరుకుంటే తిన్న ఉప్పుకి ద్రోహం. వద్దంటే బస్సెక్కనివ్వరు. ఈలోగా ఒక మామ్మ, ఎండలో నిలబడ్డావు నాయనా అని, ఓ గడ విరిచి నా చేతిలో పెట్టిందండి..." అంటూ ఆగి, గోడ గడియారం చూసి ఉలిక్కిపడ్డాడు. "అమ్మో, మా బస్సు" అన్నాడు. తిన్నారా లేదా అని అందరూ అరుస్తుంటే, మెట్ల మీంచి "పైవారం చెప్తానండి" అని వినపడింది. మాన్పించాల్సిన కూతురు, ఎలాగూ పైవారం రావాలి కదా నాన్నా అంటూ నవ్వుకుంటూ ఆయన వెనక పరిగెత్తింది.

ఇద్దరం ఇంటికెళ్లే ఆటో ఎక్కాం. నేను జూన్ నెలనీ, ఆ ఫ్యానునీ తలుచుకుని బిగుసుకుపోయి ఉన్నాను. బెంజిసర్కిల్ దాటాక అత్తగారు అడిగారు. "ఆ కాటా ఆయన పైవారం నిజంగా వస్తాడంటావా?"

"వస్తానన్నారు కదండీ."

"అయితే నేనూ వస్తాను. ప్రిన్సిపాల్‌ గారికి రేపు ఫోను చేసి, మా కోడలికి తీరదని చెప్పేస్తాలే."

ఉయ్యూరు అమ్మాయి ఇప్పుడు మైలవరంలో టీచరు. ఆమె క్లాసులో ఆలస్యంగా వచ్చిన పిల్లలకి బెంచీ ఎక్కే శిక్ష లేదట. అత్తగారు ఉన్నన్నాళ్లూ ఆ వెనక బెంచీ ఆవిడదే.

ఇంతా విని బ్యాంకు అమ్మాయి, "ఇంతకీ ఆయన చెరుకు తిన్నాడా మేడమ్?" అని అడిగింది. అది ఆయన సాక్ష్యం, నేను చెప్పకూడదు అన్నాను. గడియారం చూస్తే క్లాసు టైము ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యమైందని ఇంతకాలం ఎవరెవరినో నిలబెట్టి అడిగాను గానీ, ఇన్నేళ్లు ఇంత త్వరగా ఎందుకు గడిచిపోయాయో కాలాన్ని నిలబెట్టి అడిగే క్లాసు మాత్రం ఎక్కడా లేదు.