నల్లా వచ్చింది, బాపు బండెక్కిండు

ఆ రోజుల్ల కంప్యూటర్ ఉన్న ఇల్లంటే మా లాల్‌దర్వాజా గల్లీల పెండ్లి ఇల్లు లెక్కనే. వాకిట్ల చెప్పులు, లోపల మంది, చాయ్ పోసి పోసి అలిసే అమ్మ. నా ఇంటర్ సదువుకు పనికొస్తదని బాపు కొన్నడు దాన్ని. సదువుకు ఎంత పనికొచ్చిందో నా మార్కులు చూసినోళ్లకు తెలుసు గనీ, అండ్ల ఒక మోటర్‌సైకిల్ రేసు ఆట ఉండేది చూడుండ్రి, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్లు వాటంతటవే కదుల్తయి. ఉత్త రేసు కాదది. పక్కపొంటి వచ్చినోన్ని కాలుతో తన్నొచ్చు, వాని చేతుల గొలుసు గుంజుకొని వాన్నే కొట్టొచ్చు, వెనుకకెల్లి పోలీసోడు తరుముకొస్తడు. స్కూటర్ హ్యాండిల్ ముట్టుకుంటేనే "ఆడపిల్లవు, నీకెందుకే" అనే మా అమ్మకు, నేను తెర మీద మగోళ్లను వరుసపెట్టి పడగొడుతున్నని చానా రోజులు తెల్వదు. (టైపింగ్ నేర్చుకుంటున్న అనుకున్నది పాపం.)

ఆట సీడీ మాత్రం మాది కాదు, ఇంటి ఓనర్ కొడుకుది. వాన్ని గల్లీ అంత టర్బో అనేటోళ్లు, ఉప్పు తెమ్మన్నా నోటితో బండి సప్పుడు చేస్కుంట పోయేటోడు. సీడీ పెట్టనిదే ఆట నడ్వది. వాళ్లింట్ల కంప్యూటర్ లేదు గనుక సీడీ మా ఇంట్ల ఉండేది. ఒకనాడు వాళ్లింటికీ కంప్యూటర్ రానే వచ్చింది. "నా సీడీ నాకియ్యి" అన్నడు. "ఇయ్య, ఇన్ని రోజులు మా కరెంటు కాల్చినవు" అన్న. మస్తు లొల్లి అయినంక ఒక మాట మీదికొచ్చినం. ఐతారం పొద్దుగాల ఒకే రేసు, చెరోసారి ఆడాలె, పైన నిలిచినోళ్లదే సీడీ. "మధ్యల ఆపుడు గిట్ల లేదు, ఆపితే ఓడినట్టే" అని టర్బో గట్టిగ చెప్పిండు.

ఐతారం గల్లీ పిల్లలంత మా ఇంట్లనే. ముందు టర్బో ఆడిండు, నాలుగోడుగ వచ్చిండు. నాకు లోపల్లోపల సంబురం, నిద్రల ఆడినా నేను అంతకన్న మంచిగనే వస్త. మొదలువెట్టిన. ఒకన్ని తన్నిన, ఇంకొకన్ని కారు మీదికి నూకిన, ముందట ఒక్కడే మిగిలిండు. అప్పుడు వినబడ్డది అమ్మ కేక: "నల్లా వచ్చిందే! బిందెలు తే!"

మా గల్లీల నల్లా దినం తప్పి దినం వచ్చేది, ఎప్పుడు పోతదో దానికే తెల్వదు. "అమ్మా, ఒక్క నిమిషం!" "ఆ నిమిషమేదో నల్లాకు చెప్పుపో!" టర్బో నవ్వుతున్నడు, "ఆపుతవా మరి?" అని. అప్పటిదాక పేపర్ చదువుకుంటున్న బాపు లేచిండు. "నువ్వు పో బిడ్డా, బండి నేను పట్టుకుంట" అన్నడు. మాట ఆపొద్దని గనీ చేతులు మారొద్దని కాదు, టర్బో సరే అన్నడు. (బిందెలు పట్టుకుంటనని ఎందుకనలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.)

"బాపూ, ఈ బటన్ ఒత్తి పట్టు, అదే పోతది" అని చెప్పి ఉరికిన. బిందె నింపి వచ్చి చూస్తే బాపు రోడ్డుకు ఎడమ పక్కన, సైకిల్ తొక్కినంత నిమ్మలంగ పోతున్నడు. "ఏంది బాపూ ఇది!" "ముందట మలుపున్నది బిడ్డా." ఇంకో బిందె. ఈసారి బండి మొత్తానికే ఆగి ఉన్నది. "ఎందుకాగినవ్?" "ఆవు దాటుతున్నది." "గుద్దితే ఏం కాదు, అది బొమ్మ ఆవు!" "బొమ్మదైనా ఆవు ఆవే" అన్నడు. పిల్లలు పడి పడి నవ్విన్రు. నేను తన్ని పడగొట్టినోళ్లంత లేచి, దుమ్ము దులుపుకొని, ఒక్కొక్కడే మమ్ముల దాటిపోతున్నరు.

మళ్ల నల్లా కాడ ఉన్నప్పుడు ఇంట్ల నుంచి బాపు గొంతు వినబడ్డది. "ఏందిరా, నేనేమన్నంటి నిన్ను?" బిందె ఆడనే పడేసి ఉరికిన. ఎవడో గొలుసుతో కొట్టి బాపును పడగొట్టి పోయిండు. మా బాపు సర్కారు దఫ్తర్ల గుమాస్తా, పాలు తాగిన పిల్లిని సుత గట్టిగ అదిలించినోడు కాదు. "తన్నే బటన్ ఏది బిడ్డా?" అని అడిగిండు. చూపెట్టిన. ఇగ చూడాలె! ఎడమ పక్క లేదు, మలుపు లేదు, ఆవు లేదు. ఆ గొలుసోన్ని తరిమి తరిమి పట్టుకొని ఒక్క తన్ను తన్నిండు. "అయిపోయింది బాపూ, ముందుకు పో!" పోతడా? వాడు లేచి బండెక్కేదాక ఆగి మళ్ల తన్నిండు. "వాన్ని ఇడిచిపెట్టు, సీడీ పోతది!" "నువ్వుండు, వీని సంగతి చూడాలె." పిల్లలు "ఇంకొకటి అంకుల్, ఇంకొకటి!" అని ఒర్రుతున్నరు. అమ్మ తడి చేతులతో గుమ్మంల నిలబడి, ఈయన నా మొగుడేనా అన్నట్టు చూస్తున్నది. ఇంతల వెనుక పోలీసోడు వచ్చిండు. నేను "ఉరుకు బాపూ!" అని మొత్తుకుంటున్న, బాపు బండి ఆపిండు. "సార్ వచ్చిండు గదా, జరిగింది చెప్పుదాం" అన్నడు. సార్ బాపునే పట్టుకపోయిండు. ఆట ఖతం.

టర్బో సీడీ తీస్కొని పోయిండు. నేను మూలకు కూసొని ఏడ్చిన. బాపు వచ్చి పక్కన కూసున్నడు. "తప్పయింది బిడ్డా, నాకు ఆట రాదు గదా" అన్నడు. అంతలనే ఎన్నడు చూడని సంబురం మొఖంల పెట్టుకొని, "గని వాడు రెండోసారి పడ్డప్పుడు చూసినవా? వాని మొఖం అచ్చం మా దఫ్తర్ల పెద్దసారు మొఖమే" అన్నడు. సీడీ పోయిన కోపంల ఆ మాట నా చెవికెక్కలేదు.

ఇప్పుడు నాకూ ఒక ఆఫీసు ఉన్నది, అండ్ల నాకూ ఒక పెద్దసారు ఉన్నడు. కొన్ని సాయంత్రాలు ఇంటికొచ్చి బ్యాగు పడేసి, చెప్పులు సుత ఇడువకుండ కూసుంట. బాపు అటుదిక్కు చాయ్ తాగుకుంట నన్ను చూస్తడు. ఏమైందని అడుగడు. "ఆ ఆట ఇప్పుడు యాడన్న దొరుకుతదా బిడ్డా?" అంటడు. ఆ పొద్దు మూలకు కూసొని అంతగనం ఏడ్చిన పిల్ల యాదికొచ్చి, నాకు నవ్వొస్తది.