కుట్టుమిషను బల్ల మీద బార్

మా వారు కొల్లేటి చెరువులకు చేపల మేత అమ్ముతారు. ఆదివారం మధ్యాహ్నమైతే ఇద్దరు స్నేహితులతో కలిసి ఎవరిదో ఒకరి చెరువు గట్టుకు చేరేవారు. కాపలా పాకలో కాసేపు మందు, కాసేపు కబుర్లు. ఆ గతుకుల గట్ల మీద బండి నడుపుకుంటూ వట్లూరులో మా ఇంటికి వచ్చేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు.

ఒకరోజు విసుగొచ్చి అనేశాను. "ఏవండీ, ఆ తాగేదేదో ఇంట్లోనే తాగండి. కొత్త సామాను మాత్రం కొనడానికి వీల్లేదు."

ఆయన ఆనందం పట్టలేక ఫోనులో హోమ్ బార్ వీడియోలు చూడటం మొదలుపెట్టారు. అన్నిట్లోనూ గ్రానైటు కౌంటర్లే. పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తగారు తలెత్తారు. ఆవిడ అత్తిలి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. కేకలేస్తారని ఇద్దరం బిగుసుకుపోయాం.

"నా కుట్టుమిషను పాడై మూల పడుందిగా. మిషను విప్పేసి బల్ల తీసుకోరా," అన్నారు ఆవిడ.

అలా హాల్లో బార్ వెలిసింది. కాఫీపొడితో ఉచితంగా వచ్చిన ఆరు గాజుగ్లాసులు, సోడాలు, నిమ్మకాయలు, ఒకే ఒక్క విస్కీ సీసా. కొలతకు అత్తగారి దగ్గుమందు మూత. ఐసు కోసం మా వారు చేపలు ప్యాకింగు చేసే థర్మాకోల్ పెట్టె తెచ్చారు. ఎన్నిసార్లు కడిగినా ఐసు బొచ్చెచేప వాసనే కొట్టింది. చివరికి చిల్లుల్లేని ఇడ్లీ రేకుల్లో నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టాను.

మొదటి ఆదివారం స్నేహితులిద్దరూ వచ్చారు. అత్తగారు కుర్చీ తెచ్చుకుని బల్ల పక్కనే కూర్చున్నారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఆయన ఆవిణ్ణి చూసి ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"టీచర్‌గారూ! మీరాండి?"

అత్తగారు కళ్లజోడు సర్దుకున్నారు. "సెవెన్త్ బి సెక్షన్, వెనక బెంచీ కదూ? 'ల'కీ 'ళ'కీ తేడా తెలిసేది కాదు నీకు."

"ఇప్పుడు తెలుసండి."

"సంతోషం. కూర్చో నాయనా, ఏం తాగుతావు?"

నలభై దాటిన మనిషి చేతులు కట్టుకుని, "నిమ్మసోడా చాలండి," అన్నాడు. రెండో ఆయన ఆ బళ్లో చదవలేదు. అయినా ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడేమో, "నాకూ అదేనండి," అన్నాడు.

మా వారు మాత్రం పట్టు విడవలేదు. అత్తగారే స్వయంగా మూడు మూతలు కొలిచి పోశారు.

"ఇంతేనా అమ్మా?"

"డోసు అంతేరా."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను.

ఇక వాళ్లు మా గడప తొక్కరనుకున్నాను. మా వారు కూడా మళ్లీ చెరువు మాటెత్తారు. కానీ తాడేపల్లిగూడెం ఆయనే ఫోన్ చేసి, "చెరువెందుకండీ, టీచర్‌గారి దగ్గరికే వచ్చేస్తాం," అన్నాడు. వస్తూ పాత క్లాసు ఫోటో తెచ్చాడు. అందులో ఒక్కొక్కరినీ చూసి, వాళ్లు ఏ అక్షరం తప్పు రాసేవారో అత్తగారు చెబుతూ పోయారు. ముగ్గురు మగవాళ్లూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆవిడ అంత హుషారుగా ఉండటం నేను కాపురానికి వచ్చాక అదే చూడటం.

తర్వాత ఓ బుధవారం మధ్యాహ్నం, ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, అత్తగారు నన్ను పిలిచారు. "అమ్మాయ్, అసలిది ఎలా ఉంటుందే?"

చెరో సగం మూత పోసుకున్నాం. నా గొంతు భగ్గుమంది. ఆవిడ ముఖమంతా ముడుచుకుని, చాలాసేపటికి కళ్లు తెరిచారు.

"దీనికోసమా వీళ్లు అంత దూరం పోయేవాళ్లు?"

"దీనికోసం కాదేమోనండి అత్తయ్యగారూ."

ఆవిడ సీసా మూత బిగిస్తూ, ఆదివారానికి ఉల్లిపాయ పకోడీ వేద్దామన్నారు.

ఆదివారం మా వారు సీసాని వెలుతురుకు ఎత్తి చూశారు. "అమ్మా, ఇది తగ్గినట్టుందేమిటి?"

"ఎండలు కదరా, ఆవిరైపోతుంది," అన్నారు అత్తగారు, పకోడీల పళ్లెం అందిస్తూ. నేను గ్లాసులు తేవడానికి లోపలికి తప్పుకున్నాను.